కర్కాటకంలో కాసిన ఎండ

కేరళలో కుండర చుట్టుపక్కల జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ళకి వేలిముద్రలు ఉండవు. జీడి రసం తినేస్తుంది. విలాసినికి ఆ సంగతి యాభై మూడో ఏట, కొల్లంలోని ఒక సేవా కేంద్రంలో, వేలు పెట్టే యంత్రం ముందు తెలిసింది. పై దేశం నుంచి సరుకు తెప్పించుకోవాలంటే ప్రభుత్వం దగ్గర ఒక నంబరు తీసుకోవాలి. నంబరు కావాలంటే వేలు పెట్టాలి. వరసగా తొమ్మిది వేళ్ళు పెట్టింది. యంత్రం ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు.

"అక్కా, మీరు లేరంటోంది," అంది బల్ల వెనకాల కూర్చున్నావిడ.

"నలభై ఏళ్ళుగా పిక్కలు కొట్టిన చెయ్యి తల్లీ ఇది. నేను లేకపోతే ఓణం పాయసంలో నువ్వేం వేసుకు తిన్నావు?"

చివరికి ఎడమచేతి చిటికెన వేలు గట్టెక్కించింది. అలా విలాసిని దిగుమతిదారు అయింది.

అంతకు రెండేళ్ళ ముందు ఆమె పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ముప్పై మంది ఆడవాళ్ళు ఇంటి ముందుకొచ్చి నిలబడ్డారు. ఎందుకొచ్చారని విలాసిని అడగలేదు. వాళ్ళలో నలభై దాటనిది ఒక్కతీ లేదు, ఆ వయసు వాళ్ళని ఇంకో చోట పనికి పెట్టుకోరు. ఊరి చివర పాత షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుంది. పేరుకి యజమానురాలే గానీ, పొద్దున్నే జీడి రసం అంటకుండా చేతులకి బూడిద రాసుకుని వరసలో అందరితోపాటు కూర్చునేది.

నాటు పిక్కలు మూడు నెలలకి మించి దొరకవు. మిగతా ఏడాదంతా ఆఫ్రికా సరుకే. తెప్పించే పెద్ద వ్యాపారులు మంచివి ఏరుకుని, తాలూ తప్పా చిన్న షెడ్లకి అమ్మేవారు. పిక్క పగలగొడితే లోపల నల్లగా ఎండిన పప్పు. "వాళ్ళ ఎంగిలి మనమెందుకు కొట్టాలి? మనమే తెప్పించుకుందాం," అంది విలాసిని ఒకరోజు. అందరికంటే పెద్దది భార్గవి, డెబ్భైకి దగ్గర పడింది. "ఓడ ఎప్పుడైనా చూశావటే?" అని అడిగింది. "పిక్కని చూశాను కదా," అంది విలాసిని.

కాగితాల పనికి కొచ్చిలో కురియన్ అనే ఏజెంటు కుదిరాడు. మంచివాడే, కాస్త వాగుడుకాయ. "మీకు పిక్క తెలుసు, నాకు కాగితం తెలుసు. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టకపోతే ఇద్దరం బతుకుతాం అక్కా," అనేవాడు. ఆఫ్రికాలోని గినీ బిసావు నుంచి కిలో నమూనా వచ్చింది. విలాసిని ఒక్కో పిక్కా కోసి చూసి సరేనంది. ఇల్లు బ్యాంకులో పెట్టింది. కురియన్ మటుకు ఒక్క మాట మూడుసార్లు చెప్పాడు.

"కంటైనర్ మీ వాకిట్లోకి వచ్చాక తాళం సీలు మీరు ముట్టుకోకూడదు. తనిఖీదారు వచ్చి తన కళ్ళముందు తెంపించాలి. ఆయనే నమూనా తీసి, కోసి, పప్పు తూచి, సంతకం పెడతాడు. సరుకు నాసిగా ఉంటే ఆ సంతకం చూసి అమ్మినవాడు పరిహారం ఇస్తాడు. అర్థమైందా?"

"అయింది," అంది విలాసిని. చెవులు విన్నాయి. చేతులకి ఆ మాట చేరలేదు.

కంటైనర్ నడివానాకాలంలో, కర్కాటక మాసంలో వచ్చింది. అప్పటికి పదకొండు రోజులుగా తెరిపి లేని వాన. తనిఖీదారు మర్నాడు వస్తానన్నాడు. ఆ పొద్దున, ఎవరో అడిగి తెప్పించినట్టు, వాన ఆగిపోయి ఫెళ్ళున ఎండ కాసింది.

భార్గవి కంటైనర్ తలుపు సందు దగ్గర ముక్కు పెట్టింది. "విలాసినీ, ఇలా రా. లోపల చెమ్మ పట్టింది."

విలాసిని కూడా వాసన చూసింది. ఓడలో నెలన్నర ఉక్కపోసిన పిక్కల పుల్లటి వాసన. మూటల్లో ఇంకో రోజుంటే బూజు, రెండు రోజులుంటే మొలక. బయట చూస్తే ఎండ. కర్కాటకంలో ఎండ కాస్తే పిక్కలవాళ్ళ ఇంట్లో అన్నం మీంచి కూడా లేచి వెళతారు. తడి పిక్కని ఎండ మొహం చూడనివ్వకుండా ఉంచడం అక్కడ ఎవరికీ చేతకాదు, పసిబిడ్డ ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం చేతకానట్టే. సీలుని విలాసిని తన చేత్తోనే తెంపింది.

మధ్యాహ్నానికల్లా వాకిలంతా పిక్కలు. ముప్పై మందీ చెక్కలతో నెరుపుతూ, ఒకళ్ళనొకళ్ళు వేళాకోళం చేసుకుంటూ, కర్రపెండలం, చేపల పులుసు అక్కడే నిలబడి తిన్నారు. తన జీవితంలో అంత ఆనందంగా గడిచిన రోజు ఇంకోటి లేదని విలాసిని తరవాత చెప్పేది.

మర్నాడు వచ్చిన తనిఖీదారు వాకిలి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సీలు ఎవరు తెంపారు?"

"నేనే సార్. ఎండ వచ్చింది."

ఆయన కోప్పడలేదు. పెద్దమనిషి. చెప్పులు విడిచి, పిక్కల పక్కన గొంతుక్కూర్చుని, నాలుగు కోసి చూశాడు. "మూడో వంతు పాడే. కానీ ఓడలో పాడయ్యాయో, మీ వాకిట్లో పాడయ్యాయో నేనెలా రాయనమ్మా? సరుకు దక్కించుకున్నారు, అడిగే హక్కు పోగొట్టుకున్నారు," అని, ఏమీ రాయకుండానే వెళ్ళిపోయాడు. అమ్మినవాడు ఫోనులో ఒకటే పాట పాడాడు: సీలు చూపించండి, మాట్లాడదాం.

ఆ ఏడు విలాసిని పొద్దుటినుంచి దీపాలవేళ దాకా వరసలోంచి లేవలేదు. వేళ్ళు పగిలి నల్లబడ్డాయి. కూలి ఎవరికీ ఆపలేదు గానీ ఓణానికి తలా ఒక బియ్యం సంచి తప్ప ఇంకేమీ ఇవ్వలేకపోయింది. "ఆ ఎండ పోనిచ్చుంటే పాపం చుట్టుకునేది," అంది భార్గవి. "పాపం కాదు పెద్దమ్మా, పరిహారం వచ్చేది," అన్నాడు కురియన్. ఎవరూ నవ్వలేదు. ఇలాంటి ఏడు ఇంకొక్కటి వస్తే షెడ్డు ఉండదు. ఆ సంగతి ముప్పై మందికీ తెలుసు.

మరుసటి ఏడు రెండో కంటైనర్, మళ్ళీ కర్కాటకంలోనే. తలుపు సందులో మళ్ళీ అదే పులుపు వాసన. తనిఖీదారు బయల్దేరేలోగా బంద్ పిలుపొచ్చింది. రెండు రోజులు రోడ్డు మీద బండి తిరగదు. కురియన్ ఫోను చేశాడు. "అక్కా, చేతులు కట్టుకుని కూర్చోండి. మీకు దణ్ణం పెడతాను."

ఆ రెండు రోజులూ ఎండ కాసింది. కర్కాటకంలో అంత ఎండ పెద్దవాళ్ళెవరూ ఎరగరు. ఆడవాళ్ళు పిలవకుండానే వచ్చి వాకిటి చుట్టూ కూర్చున్నారు. ఊడ్చిన వాకిలి ఖాళీగా మెరుస్తోంది. విలాసిని కంటైనర్ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. ఇనుము లోపలి వేడి చీరలోంచి వీపుకి తగులుతోంది.

మధ్యాహ్నం భార్గవి నెరిపే చెక్క పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"లే విలాసినీ."

"లేవను పెద్దమ్మా."

"లోపల చచ్చిపోతున్నాయే."

"తెలుసు."

"తెలిసే కూర్చున్నావా?"

విలాసినికి ఏడుపొచ్చింది, ఏడ్చింది. తలుపు ముందునుంచి మాత్రం కదల్లేదు. కాసేపటికి భార్గవి చెక్కని గోడకి ఆనించి, ఇంటికి వెళ్ళిపోయింది.

మూడోరోజు వానలో తడుస్తూ తనిఖీదారు వచ్చాడు. తలుపు తెరిస్తే ఆవిరి కొట్టింది. మూటలు కుట్టు విప్పితే తెల్లటి మొలకలు. కోశాడు, తూచాడు, రాశాడు, సంతకం పెట్టాడు. "ఈసారి పద్ధతిగా చేశారమ్మా," అన్నాడు. పరిహారం మొత్తం వచ్చింది. దాంతో నాటు సరుకూ, మంచి సరుకూ కొని షెడ్డు ఏడాదంతా నడిపింది. ఓణానికి అందరికీ కొత్త బట్టలు వచ్చాయి. భార్గవి కూడా తీసుకుంది. కళ్ళకద్దుకుంది గానీ, విలాసిని మొహం చూడలేదు.

ఆ తరవాత విలాసిని వరసలో కూర్చోలేదు. రావద్దని ఎవరూ అనలేదు. పొద్దున్నే జరిగి ఆమె చోటు ఆమెకి ఉంచేవాళ్ళు. ఆమే వెళ్ళలేకపోయింది. ఫోన్లు, కాగితాలు, మూడో కంటైనర్, నాలుగో కంటైనర్. పిక్కలు కొట్టని చెయ్యి కొన్నాళ్ళకి తెల్లబడింది.

నంబరు వివరాలు సరిచూయించుకోవడానికి మళ్ళీ కొల్లం వెళ్ళినప్పుడు అదే ఆవిడ బల్ల వెనకాల ఉంది. విలాసిని అలవాటుగా చిటికెన వేలు చాపింది.

"బొటనవేలే పెట్టండక్కా, చూద్దాం."

పెట్టింది. యంత్రం మొదటిసారికే ఒప్పుకుంది.

"ఇప్పుడు ఉన్నారు అక్కా మీరు," అని నవ్వింది ఆవిడ.

విలాసిని బొటనవేలిని వెలుతురులోకి తిప్పి చూసుకుంది. సన్నటి గీతలు, ఒక్కటీ చెరగకుండా ఉన్నాయి. ఆ వేలు ఎవరిదో ఆమె పోల్చుకోలేకపోయింది.