పట్టుకోవాల్సిన చేతులు

తొమ్మిదేళ్ళుగా ఒక అమ్మాయి తాను చేయని తప్పును తనదే అనుకుంటోంది. అలా అనుకునేలా చేసింది నేను. ఈ సంగతి నా భార్యకు తెలియదు. మా మేడంకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పట్లో నేను హిందూపురంలో ఒక చిన్న బ్యాలే బృందంలో ఉండేవాణ్ణి. మేడం బెంగళూరులో చాలా ఏళ్ళు బ్యాలే చేసి, వాళ్ళమ్మను చూసుకోవడానికి ఊరికి తిరిగొచ్చారు. మూతబడ్డ గోడౌనొకటి అద్దెకు తీసుకుని మాకు నేర్పేవారు. మొత్తం ఎనిమిదిమందిమి. పగలు మోటారు వైండింగ్ షాపులో పనిచేసి సాయంత్రం అక్కడికి పోయేవాణ్ణి. మొదట్లో మా బిగుతు బట్టలు చూసి వీధిలో నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు.

లలిత ధర్మవరం నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చేది. నేతపనివాళ్ళ అమ్మాయి. చిన్నప్పటి నుంచి మగ్గం తొక్కిన కాళ్ళు. నేను మూడేళ్ళు కష్టపడి నేర్చుకున్నది ఆమెకు ఏడాదిలో వచ్చేసింది. నన్ను అన్నా అని పిలిచేది. ఆమె మీద నాకు అసూయ ఉండేదా? అప్పుడు అడిగుంటే లేదనేవాణ్ణి. ఆమె దూకితే పట్టుకునేది నేను, ఆమె బరువు మోసేది నేను, చూసేవాళ్ళ కళ్ళు మాత్రం పైనున్న ఆమె మీదే ఉండేవి. ఈ పని ఇలాంటిదేలే అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి, అలా సర్దిచెప్పుకోవలసి రావడమే మళ్ళీ చిరాకు తెప్పించేది.

ఆ ఏడాది ధర్మవరంలో ఒక కల్యాణ మండపంలో ప్రదర్శన పెట్టుకున్నాం. మూడు అంశాలు. మొదటి రెండూ ఆధునికమైనవి. వాటిలో కథ ఉండదు, మాట ఉండదు, సంగీతానికి ఒళ్ళు కదులుతుంది అంతే. విరామం తర్వాత మూడోది నాటకంలాంటిది. కరువుకు ఊరు వదలబోతున్న ఒక రైతు, అతని భార్య. ఆ ఇద్దరూ నేనూ లలితా.

ముందురోజు మేడం నన్ను పక్కకు పిలిచారు. బెంగళూరు నుంచి ఒక పెద్ద బృందం వాళ్ళు చూడ్డానికి వస్తున్నారనీ, లలితను తీసుకునేట్టున్నారనీ చెప్పారు. నా గురించి ఏమైనా అన్నారా అని అడిగాను. నీకు వయసు దాటిపోయింది కదప్పా అన్నారు. నెమ్మదిగానే అన్నారు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిది.

రెండో అంశం చివర్లో లలిత నాలుగడుగులు పరుగెత్తుకొచ్చి దూకాలి. నేను నడుము దగ్గర పట్టుకుని తలపైకి ఎత్తాలి. సాధనలో ఎన్నిసార్లు చేశామో చెప్పలేను. ఆ రోజు ఆమె పరుగెత్తి రావడం చూశాను. దూకడం చూశాను. నా చేతులు ఆలస్యంగా లేచాయి. ఎంత ఆలస్యం? చిటికె వేసేంత కూడా కాదు. ఆమె నా భుజానికి తగిలి జారింది. పడుతుండగా చెయ్యి అందుకున్నాను కాబట్టి తల నేలకు తగల్లేదు. ఎడమ మోకాలు మెలిపడింది.

విరామంలో భార్య వేషం ఇంకో అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయికి అడుగులు సగమే వచ్చు. అందుకని కథంతా నేనే మోయాల్సి వచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది. జీవితంలో అంత బాగా నేనెప్పుడూ చేయలేదు. ముందు వరుసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

మరుసటి రోజు పొద్దున ఆసుపత్రికి పోయాను. లలిత వాళ్ళ నాయన నా రెండు చేతులూ పట్టుకుని, నువ్వు అందుకోకపోతే పాప తల పగిలిపోయేదని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన టీ తేవడానికి పోయాక లలిత అడిగింది.

"అన్నా, నిజం చెప్పు. నేను ముందొచ్చినానా?"

ఆమె ముఖంలో అనుమానం లేదు. నా మీద అసలే లేదు.

"ఒక అడుగు ముందొచ్చినావు," అన్నాను. "పోనీలే, ఎవురికైనా అయితాది."

"అదే అనుకుంటి," అంది. "నీకేం దెబ్బ తగల్లేదు కదా?"

తగల్లేదన్నాను.

బెంగళూరు వాళ్ళు ఆమె బదులు నన్నేమీ పిలవలేదు. ఆమె మోకాలికి ఆపరేషనైంది. డాన్సు సంగతి అటుంచి, తర్వాత మగ్గం కూడా తొక్కలేకపోయింది. ఇప్పుడు వాళ్ళ తమ్ముడు నేస్తాడు, ఆమె పక్కన కూర్చుని కండెలకు పట్టుదారం చుడుతుంది. నేను రెండేళ్ళకు బృందం వదిలేశాను. ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం, పెనుకొండలో కాపురం.

గత నెల మేడం పెనుకొండలో పిల్లలచేత ప్రదర్శన ఇప్పించారు. లలిత కూడా వచ్చింది, కొద్దిగా కుంటుతూ. తెర వెనక ఒక పిల్ల దూకడానికి భయపడుతుంటే ధైర్యం చెబుతోంది. పట్టుకునేవాళ్ళను నమ్మమంది. నీ అడుగు మాత్రం నువ్వు సరిగ్గా చూసుకోమంది. తాను అడుగు తప్పే పడ్డానని, పాపం ఈ అన్న ఎంత బాధపడ్డాడో అని నన్ను చూపించింది. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను నవ్వాను.

చెప్పేద్దామని ఆమె వెంట స్టేషన్ దాకా నడిచాను. ఆమె మేడం ఆరోగ్యం గురించి, పెరిగిన పట్టు ధర గురించి మాట్లాడింది. రైలొచ్చింది. ఎక్కింది. ఇంటికొస్తూ, చెబితే మాత్రం ఏమొస్తుంది, పోయిన మోకాలు రాదు, ఉన్న అన్న కూడా లేకుండా పోతాడు అనుకున్నాను. ఇది ఆమె కోసం ఆలోచించడమా? కాదు. నన్ను నేను దాచుకోవడమే.

ఇన్నేళ్ళూ కారణాలు వెతికాను. చెమటకు జారిందనుకున్నాను. లైట్లు కళ్ళలో పడ్డాయనుకున్నాను. అలసట అనుకున్నాను. ఏదీ కాదు. లలిత నాలుగో అడుగు మీదే దూకింది. ఎప్పుడు చేతులెత్తాలో నాకు తెలుసు. నేను ఎత్తలేదు. ఆమె పడాలనే ఎత్తలేదు.

ఆమెతో చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. ఇప్పటికి ఒక్కరికైనా ఉన్నదున్నట్టు చెప్పాను.