కుంటి గొర్రె గంట

నల్లగొండలో నా దుకాణానికి వచ్చేవాళ్లు పాటల సెట్టును ముందు విని చూసేవాళ్లు కాదు, ఎత్తి చూసేవాళ్లు. యాంప్లిఫయర్‌ను రెండు చేతులా పట్టుకుని, మోకాళ్లు వంచి లేపి, ముఖం ఎర్రబడితే "ఇదీ మాల్ అంటే" అనేవాళ్లు. తేలిగ్గా లేచిందా, పెదవి విరిచి పక్క దుకాణానికి పోయేవాళ్లు. నా చేత్తో నేను బిగించే సెట్లు మంచివే గానీ బరువుండేవి కావు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఒకరోజు గ్రానైట్ కోసే చోటికి పోయి, పారేసిన ముక్కలు ఏరుకొచ్చి, ఒక్కో యాంప్లిఫయర్ అడుగున ఒక్కో ముక్క బిగించాను. ఆ వారమే అన్నీ అమ్ముడుపోయాయి. ఎంత తెలివైనవాణ్నో అని ఒంటరిగా నవ్వుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

రాయితో ఆగినా బాగుండేది. సన్నని చప్పుళ్లు పలికే చిన్న స్పీకరును ట్వీటర్ అంటారు. "సన్నగ కుయ్యిమని చెవుల పొడుస్తాంది అన్నా! ఛాతీ మీద గుద్దినట్టుండాలె" అన్నాడొకాయన. అప్పట్నుంచి అన్ని సెట్లలోనూ దాని వైరు పీకేశాను. ఇంకొకాయనకు పెట్టె ముందు బంగారు రంగు స్పీకరు మూతులు ఎక్కువ కనిపించాలట. వైరు లేని ట్వీటర్లు మూడు వరసగా బిగించి, చుట్టూ రంగులు మారే దీపాలు పెట్టాను. గిరాకీ ఏది అడిగితే అది ఇస్తున్నాను, ఇందులో నా తప్పేముంది అనుకునేవాణ్ని.

ఇలా ఉండగా ఒక పొద్దున గొంగడి భుజాన వేసుకుని ఒక ముసలాయన వచ్చాడు. రామన్నపేట దిక్కు పల్లె నుంచి కూతురు వెంటబెట్టుకొచ్చింది.

"అన్నా, మా నాయిన మోకాళ్లు పోయినయి, మందను అమ్మేసినం" అంది ఆమె. "అప్పటిసంది మనిషికి నిమ్మలం లేదు. పొద్దుగూకంగనే వాకిట్ల నిలబడుతుండు. మంద ఇంటికొస్తున్న చప్పుడు అప్పట్ల ఫోన్ల పట్టిపెట్టిన. గీ ఫోన్ల ఇంటే దోమలెక్క ఉన్నది. నీ దగ్గరున్నదాంట్ల మంచి సెట్టు పెట్టు. మంద మా ఇంట్లకు నడిచొచ్చినట్టుండాలె."

దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైన సెట్టు ముందుకు జరిపాను. "ఎత్తి చూడు తాతా" అన్నాను.

"ఎత్తుడెందుకు బిడ్డా? దాన్ని సంకనేసుకొని తిరుగుతనా?" అని ఆయన కింద కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

ఫోను తగిలించి మోగించాను. డెక్కల చప్పుడు దడదడమని గోడలదిరాయి. షెల్ఫు మీది డబ్బాలు గలగలలాడాయి. నేను గర్వంగా చూశాను.

"ఇవి గొర్లా, బర్లా?" అన్నాడు ముసలాయన కళ్లు తెరవకుండానే. కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం వేళ్లు ముడుస్తూ లెక్కపెడుతున్నాడు. ఆరో వేలు దగ్గర చెయ్యి ఆగింది. చప్పున లేచి నిలబడ్డాడు. "కుంటిది రాలే!"

ఆయన మందలో ఏడు గొర్రెలకు గంటలుండేవట. ఒక కుంటి గొర్రె ఎప్పుడూ వెనకబడేది కాబట్టి దానికి అన్నిటికన్నా సన్నని గంట కట్టాడు. ఆ గంట వినిపించకపోతే వెనక్కి పోయి వెతికి తెచ్చేవాడు.

నేను పీకేసిన వైరు గుర్తొచ్చింది. అయినా నోరు అబద్ధమే ఆడింది. "సన్న చప్పుడు గద తాతా, ఫోన్ల పడకపోవచ్చు."

కూతురు ఫోను తీసి ఆయన చెవికి ఆనించింది. "ఉన్నది, ఉన్నది! గిదే గద!" అని ఎగిరినంత పనిచేశాడు. ఎదురుగా చాయ్ హోటల్ నడిపే భాయ్ ఈ గోల విని వచ్చి, తనూ ఫోను చెవికి పెట్టుకున్నాడు. "టింగ్ టింగ్ అంటాంది గదా! ఇదేం సెట్టు భాయ్, గొర్రెను మింగింది!"

"పెట్టె ఇప్పు బిడ్డా" అన్నాడు ముసలాయన, గొర్రె నిజంగా లోపలే ఉన్నట్టు.

విప్పాను. మూడు ట్వీటర్లు ఏ వైరూ లేకుండా బయటపడ్డాయి. నాకు ఏం పట్టిందో ఏమో, ఎవరూ అడక్కుండానే యాంప్లిఫయర్ కూడా విప్పి, రాయి తీసి బల్ల మీద పెట్టాను.

"గిదెందుకన్నా, పచ్చడి నూరుకునేతందుకా?" అంది కూతురు.

భాయ్ చేతిలో చాయ్ ఒలికింది. నాకూ నవ్వు ఆగలేదు. సిగ్గుతో మొదలైన నవ్వు పొట్ట పట్టుకునేదాకా పోయింది. దాచుకున్నదంతా బల్ల మీదికొచ్చాక ఒళ్లు ఇంత తేలికవుతుందని నాకు తెలియదు. ముసలాయన ఒక్కడే నవ్వలేదు.

"గదంత సరే. కుంటిది వస్తదా, రాదా?"

"వస్తది తాతా" అన్నాను.

నాలుగు రోజులు పట్టింది. కూతురు ఆయన్ని పొద్దున్నే దింపి పోయేది. ట్వీటరుకు వైరు కలిపాను. "కుంటిది ముందట నడుస్తాందేంది? దానికంత బలమెక్కడిది?" అన్నాడు. దాన్ని తగ్గించి, లావు చప్పుళ్లు పలికే పెద్ద స్పీకరు ఊఫర్ దడ కూడా కోశాను. "బర్లు పోయినయి, గని ఇప్పుడు మేకలొచ్చినయి." మళ్లీ విప్పాను. పని నేర్చుకున్న రోజుల తర్వాత అంత హుషారుగా నేను స్క్రూ తిప్పలేదు. ఇంత కచ్చితంగా అడిగిన మనిషి నాకు ఎదురుపడలేదు. ఎవరూ ఎందుకు అడగలేదా అని ఆలోచిస్తే జవాబు నా నాలుక మీదే ఉంది. రాయి పెట్టిన నాటి నుంచి వచ్చిన ప్రతివాడికీ "ఎత్తి చూడండి" అని ముందు చెప్పింది నేనే. వాళ్ల చెవులను నేనే పాడుచేసి, వాళ్లకు చెవుల్లేవని నవ్వుకున్నాను.

పాత గిరాకీలకు ఫోన్లు చేసి, ఊరికే బాగుచేసి ఇస్తానని ఉన్న సంగతి చెప్పాను. కొందరు తిట్టారు, అయినా తెచ్చారు. ఒకాయన మాత్రం "రాయి తీస్తే బరువు తగ్గదా? ఉండనియ్యి" అన్నాడు. నేను పాఠం బాగానే చెప్పానన్నమాట.

నాలుగో రోజు మధ్యాహ్నం కూతురు, భాయ్ కూడా వచ్చి కూర్చున్నారు. మోగించాను. మెత్తగా, దుమ్ములో నడిచినట్టు డెక్కలు. ఒక మెడగంట మోగింది, రెండోది, అలా ఆరూ మోగుతూ దాటిపోయాయి. తర్వాత ఏమీ లేదు. ముసలాయన మెడ గుమ్మం వైపు చాచాడు. అప్పుడు ఎక్కడో వెనక, మూల నుంచి, సన్నగా, తడబడుతూ, టింగ్.

మోకాళ్లు మరిచిపోయి లేచాడు. "వచ్చినవా దొంగదానా! ఎక్కడ మేసినవే గింతసేపు? నడువ్, నడువ్!"

"నాయినా, అది డబ్బా!" అని కూతురు నవ్వుతూ ఏడ్చింది.

"నాకెరికే తియ్యి" అన్నాడు గానీ, చేత్తో అదిలించడం ఆపలేదు. ఆయన చెయ్యి నా వైపు తిరిగింది. నేను స్టూలు పక్కకు లాగి, గోడకు ఒదిగి, గొర్రెకు దారి ఇచ్చాను.