సక్కుబాయి గెలిచిన కొట్లాటలు

ఇబ్రహీంపట్నం చేపల అంగడిలో సక్కుబాయితో మాటకు మాట పెట్టి గెలిచి ఇంటికి పోయిన మనిషి లేడు. ఆ సంగతి ఎంకమ్మకు బాగా తెలిసొచ్చింది కారు కొట్లాట నాడు.

ఆ రోజు ఆదివారం, గిరాకీ మీద గిరాకీ. వెంచర్లో ప్లాట్లమ్మే పెద్దమనిషి ఒకడు, మెడలో లావుపాటి గొలుసు, కొత్త తెల్ల కారు తెచ్చి సరిగ్గా సక్కుబాయి గంపల ముందు ఆపాడు. ఫోన్ చెవికి పెట్టుకొనే దిగాడు. వచ్చేవాళ్లకు చేపలు కనబడవు, కారే కనబడుతుంది. పక్కన ఎండుచేపల గంప ముందేసుకొని కూర్చున్న ఎంకమ్మ, వయసులో పెద్దది గనుక, "జర ముంగట్కి పెట్టు నాయ్నా" అని మర్యాదగానే చెప్పింది. అతగాడు ఈగను తోలినట్టు చెయ్యి ఊపాడు.

సక్కుబాయి లేచింది. బతికున్న కొర్రమట్టను ఒకదాన్ని తీసి కారు బానెట్ మీద వేసి, ఒక్క దెబ్బతో చంపి, అక్కడే బూడిద రుద్ది పొలుసు తీయసాగింది. పొలుసు అద్దానికి అంటుకుంటోంది. నెత్తురు తెల్లరంగు మీద చారలు కడుతోంది.

"ఏయ్! పిచ్చి లేసిందా? ఏం జేస్తున్నవే?"

"చేప కోస్తున్న. కనబడ్తలేదా సారూ?"

"నా కారు మీదనా?"

"నా జాగల నీ కారుండె. మరి నా పీట యాడ పెట్టుకోవాలె? నువ్వు నా ముంగట పెడితివి, నేను నీ మీద పెడితిని. ఇద్దరికి ఇద్దరం సాఫ్."

"పోలీసులకు ఫోన్ కొడ్త!"

"కొట్టు. వాళ్లొచ్చేదాంక తునకలు గూడ జేస్త. తలకాయ ఉంచాల్నా, తీసెయ్యాల్నా? నువ్వే జెప్పు. కారు మీద కోసిన చేపను కారు గలోడే కొనాలె గద!"

అంగడి అంగడే నవ్వింది. కారు కదిలింది. ఆ చేపను అతడే కొనుక్కొని పోయాడు. మరుసటి ఆదివారం కారును బస్ డిపో దగ్గర వదిలి, నడిచి వచ్చి, "అక్కా, మంచిది జూసి ఇయ్యి" అన్నాడు. గెలుపంటే అది. ఎంకమ్మ జన్మలో ఎన్నో కొట్లాటలు చూసింది గానీ, ఓడినవాణ్ని గిరాకీగా మార్చుకున్నదాన్ని ఒక్క సక్కుబాయినే చూసింది.

సక్కుబాయి తండ్రి పెద్ద చెరువులో వల వేసేవాడు. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కత్తిపీట ఒక్కటే. మొగుడు కృష్ణయ్య తొందరగా పోయాడు. ఆ కత్తిపీట మీదే బిడ్డ యమునను చదివించింది. ఆ పిల్ల ఇప్పుడు కొంగరకలాన్‌లో ఫ్యాక్టరీకి పోతోంది, మెడలో కార్డు వేసుకొని, బస్సులో. బిడ్డ అట్లా బస్సెక్కుతుంటే సక్కుబాయి గంప వదిలి నిలబడి చూసేది.

ఇక కల్లు. దాన్ని తప్పు అనుకునే ఇంట్లో పుట్టలేదు ఆమె. పొద్దస్తమానం నీళ్లలో, మంచులో నానిన చేతులు సాయంత్రానికి కట్టెలయ్యేవి. కల్లు ముంత పట్టుకుంటే గానీ వేళ్లు తనవి అనిపించేవి కావు. ఎంకమ్మ కూడా పండగకూ పబ్బానికీ తాగేది, దాపరికమెందుకు. కానీ కృష్ణయ్య పోయినంక సక్కుబాయి ముంత ముంతగా ఆగలేదు. కల్లు చాలక సీసా వచ్చింది. సీసా వచ్చాక తిండి పోయింది. కాళ్లు పొంగాయి, కండ్లు పసుపు తిరిగాయి, పొట్ట నీళ్ల కుండయింది.

పట్నంలో పెద్ద దవాఖాన డాక్టరు కడుపులో నీళ్లు తీసి, తాగినందుకు తిట్టి, మాట కూడా తేల్చేశాడు. కార్జం రాయి అయిపోయింది, ఇక కల్లు గానీ సారా గానీ చుక్క ముడితే మనిషి దక్కదు, ఉప్పు కూడా మానాలి. సక్కుబాయి ఆయనతోనూ కొట్లాటకు దిగింది.

"ఉప్పు లేకుంటే ఎండుచేపే నిలువదు సారూ, మనిషెట్ల నిల్తది?"

డాక్టరు నవ్వాడు గానీ ఓడలేదు. యమున ఆ రోజే ఉప్పు డబ్బా తీసుకపోయి పక్కింట్లో ఇచ్చేసింది.

ఎవరూ నమ్మని సంగతి, సక్కుబాయి నిజంగా మానింది. ఎండాకాలం గడిచింది, వానలు పడ్డాయి, ముంత ముట్టలేదు. ఉప్పులేని జొన్నరొట్టె, ఉడకబెట్టిన కూర, పెరుగు చిలికిన సల్ల. కల్లు కాంపౌండ్ ముందు నుంచి పోవలసి వస్తే కొంగు ముక్కుకు పెట్టుకొని వడివడిగా నడిచేది. కాళ్ల వాపు దిగింది. గంప ముందుకు మళ్లీ వచ్చి కూర్చుంది. అంగడి మళ్లీ నవ్వింది.

అందుకే మొక్కు తీర్చే ప్రయాణం పుట్టింది. అందరికీ శని, ఆదివారాలు సెలవు. చేపలమ్మే ఆడవాళ్లకు ఆదివారం ఊపిరాడదు. సోమవారం, మంగళవారం జనం నీసు ముట్టరు కాబట్టి ఆ రెండే వీళ్ల సెలవులు. సక్కుబాయి పక్కన బొచ్చె, రవ్వ చేపలు అమ్మే శంకరమ్మ, సక్కుబాయి దవాఖానలో ఉన్నప్పుడే మైసిగండి మైసమ్మకు మొక్కింది. ఏమని మొక్కింది, ఎంకమ్మ అడగలేదు. మేకనో కోడినో అనుకున్నది. అడగవలసింది.

బయల్దేరేటప్పుడు యమున రొట్టెల మూట, మందుగోలీల సంచీ తెచ్చి ఎంకమ్మ ఒళ్లో పెట్టింది.

"పెద్దమ్మా, అందరు తాగుతరు. అమ్మ చేతిల గిలాస కనబడొద్దు. నీ మీదనే ఇడుస్తున్న."

"నేనుండంగ దాని మీద ఈగ గూడ వాలదు పో" అన్నది ఎంకమ్మ. ఎంకమ్మకు తన మాట మీద తనకు చాలా గౌరవం.

సోమవారం పొద్దున సెవెన్ సీటర్ ఆటోలో కందుకూరు మీదుగా పోయారు. నలుగురే: శంకరమ్మ, సక్కుబాయి, ఎంకమ్మ, ఇంకా తిరుమల. తిరుమల వీళ్లందరిలో చిన్నది, నోరు మాత్రం పెద్దది. గుడికి దూరంగా రేకుల గది తీసుకొని, బయట మూడు రాళ్ల పొయ్యి పెట్టారు. సాయంత్రానికి ఈతకల్లు నీళ్ల బాటిళ్లలో వచ్చింది.

సక్కుబాయి అన్నీ ఆలోచించుకొనే వచ్చింది. ఎవరూ గ్లాసు అందించకముందే తన గ్లాసు తీసి నిండా సల్ల పోసుకున్నది. అది సగం కాగానే మళ్లీ నింపుకున్నది. ఖాళీ గ్లాసు కనబడితే ఎవరో ఒకరు పోస్తారని ఆమెకు తెలుసు.

"సల్ల గట్ల తాగుతున్నవేంది అక్కా? దూడవయినవా?" అన్నది తిరుమల.

"అవ్ పిల్లా. నువ్వు నాలుగు గిలాసలు తాగినంక నిన్ను మోసుకపోయేతందుకు ఎద్దు గావాలె గద, అందుకే పెరుగుతున్న."

కూర ఆమే వండింది. ఉప్పు మాత్రం ఎంకమ్మ చేత చూపించింది. "నువ్వు జూడక్కా, నా నాలికెకు గా యోగం లేదు." అందరూ తునకలు నములుతుంటే తను రొట్టె నీళ్లలో అద్దుకొని తిన్నది. ఎంకమ్మ ఒక్కటి కనిపెట్టింది. పక్కన బాటిల్ వంచినప్పుడల్లా సక్కుబాయి మాట మధ్యలో ఆగుతోంది. గ్లాసులో నురుగు అణిగిందాకా చూసి, ఆ తర్వాతే మిగతా మాట అంటోంది. అయినా ఆ పొద్దు ఆమె గెలిచింది. ఎంకమ్మ తానే గెలిచినట్టు నడుం వాల్చింది.

మంగళవారం మైసమ్మకు మంచి రోజు. తలస్నానాలయ్యాయి, కోడి కోశారు. శంకరమ్మ కొత్త లొట్టి నిండా కల్లు తెచ్చి, తల్లి ముందు నేల మీద ధార పోసింది. అదే సాక. సాక పోసినంక, మొక్కు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు మిగిలిన కల్లులో మొదటి గుక్క తాగాలి. శంకరమ్మ లొట్టిని సక్కుబాయి వైపు వంచింది.

"పట్టు. తల్లి నీకు పానం పోసింది. మొదటి గుక్క నీదే."

ఎంకమ్మకు ఒళ్లు మండింది. "ఏం మొక్కు మొక్కినవే నీ మొకానికి? కల్లు మాని బతికినదానికి కల్లు మొక్కు మొక్కుతవా?"

"తల్లికి ఏదిష్టమో గదే మొక్కుతరు. సల్ల మొక్కుతరా ఎవలన్న?"

"దాని పేరు మీద నేను తాగుత, తే."

"నీకొచ్చిందా రోగం? తల్లినే మోసం జేస్తవా?" శంకరమ్మ కండ్లలో నీళ్లు తిరిగాయి. అదే వచ్చిన చిక్కు. శంకరమ్మ పగతో చేస్తున్న పని కాదు. దవాఖాన మెట్ల మీద కూర్చొని, తినకుండా తాగకుండా మొక్కిన మొక్కు అది. తనకు తెలిసినవాటిలో అన్నిటికంటే ఇష్టమైనది మొక్కింది.

అప్పుడు సక్కుబాయి నోరు విప్పింది. "అక్కా, నన్ను డాక్టరు బతికిచ్చిండా, తల్లి బతికిచ్చిందా?"

"ఇద్దరు."

"డాక్టరు మాట ఇన్నొద్దులు విన్ననా, వినలేదా?"

"విన్నవ్."

"మరి తల్లి మాట ఒక్క గుక్క వినొద్దా? ఆయనకు నెలలకు నెలలిచ్చి ఆమెకు గుక్క ఇయ్యకుంటే నాయమైతదా? నువ్వు పెద్దదానివి, నువ్వే జెప్పు."

ఆ మాటలో తప్పున్నదని ఎంకమ్మకు తెలుసు. ఎక్కడున్నదో చెప్పే మాటే నోటికి రాలేదు. కారు పక్కన ఫోన్ పట్టుకొని నిలబడ్డ ఆ పెద్దమనిషికి ఆనాడు ఎట్లా ఉండెనో, ఇప్పుడు ఆమెకు అట్లా ఉన్నది.

సక్కుబాయి దోసిలి పట్టింది. ఒక్క గుక్క. కండ్లు మూసుకొని మింగింది. మొక్కు తీరిపోయింది. కానీ దోసిలి వెనక్కి పోలేదు. పట్టింది పట్టినట్టే ఉన్నది, కల్లు తడితో మెరుస్తూ. శంకరమ్మ ఇంకొంచెం పోసింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ముంత సక్కుబాయి చేతిలో ఉన్నది. ఎదురుగా ఉప్పూ కారం దట్టించిన కోడి తునకలు. మానిన నెలలన్నీ వసూలు చేసుకుంటున్నట్టు తింటోంది. ఎంకమ్మ ముంత అంచు పట్టుకొని గుంజింది.

"ఇడువు సక్కూ. యమునకు మాటిచ్చిన."

"మాటిచ్చింది నువ్వు. నేనిచ్చిన్నా?"

"సస్తవే పిల్లా!"

"సచ్చేది నేను, మొక్కు నాది, కడుపు నాది. ముంత ఒక్కటి నీదంటవా? నీది గావాల్నంటె ఇంకోటి తెచ్చుకో, నాది ఇడువు."

తిరుమల పగలబడి నవ్వింది. శంకరమ్మ నవ్వింది. ఆనాడు అంగడి నవ్విన నవ్వే అది. సిగ్గుచేటు ఏమిటంటే, ఎంకమ్మ పెదవి కూడా కొంచెం కదిలింది. ఆ కదిలిన క్షణంలోనే పట్టు జారింది.

తిరుగు ప్రయాణంలో కందుకూరు దాటక ముందే సక్కుబాయి ఆటో ఆపించి, రోడ్డు పక్కన కూర్చొని కక్కింది. నల్లగా, కాఫీ పొడి కలిపిన నీళ్లలాగా. "కోడి పడలేదేమో" అన్నది తిరుమల. అటు నుంచి అటే పట్నం దవాఖానకు పోయారు.

డాక్టరు ఈసారి తిట్టలేదు. తిట్టకపోవడంతోనే ఎంకమ్మకు అర్థమైపోయింది. కొన్నాళ్లు ఉంచుకొని, ఇంటికి తీసుకపొమ్మన్నాడు. యమున గోలీల సంచీని ఎంకమ్మ చేతిలో నుంచి తీసుకున్నది. అంగడిలో ఎవరి నోటికీ భయపడని ముసలిది, ఆ పిల్ల కండ్లలోకి చూడలేక గోడ దిక్కు చూసింది.

ఇంటికి తెచ్చినంక శంకరమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది, మైసమ్మ కుంకుమ పట్టుకొని. మంచం కోడు పట్టుకొని మళ్లీ మొక్కింది. ఎంకమ్మ చీపురు తీసుకొని గడప దాటించింది గానీ, మొక్కిన మొక్కును ఏ చీపురుతో ఊడుస్తారు?

సక్కుబాయి పొట్ట మళ్లీ ఎత్తుకున్నది. ముఖం మాత్రం ఎండి చిన్నపిల్ల ముఖమంత అయింది. మధ్యాహ్నం పూట, యమున గోలీలకని పోయినప్పుడు, కండ్లు తెరిచి పిలిచింది.

"అక్కా. శంకరి ఏమని మొక్కింది?"

"నువ్వు లేస్తే మేకపోతంట. లొట్టెడు సాకంట."

సక్కుబాయి నవ్వబోయి దగ్గింది. "పిచ్చిది. మంచిదే గని పిచ్చిది." కాసేపు ఊపిరి కూడదీసుకున్నది. "నేను పోయినంక గూడ అది ఊకోదు. మూడోనాడు నా పేరు మీద కాకికి, పిట్టకు కూడు పెట్టేటప్పుడు నాకిష్టమని ముంత తెచ్చి పెడ్తది. సక్కుకు కల్లంటె పానం అంటది. అందరు అవ్ అంటరు. నువ్వు గూడ అంటవ్."

"నేనెందుకంట?"

"నీకు కొట్లాట రాదక్కా. తిట్లు వస్తయి గని కొట్లాట రాదు."

ఎంకమ్మకు కోపం రావలసింది. రాలేదు. కొంగుతో ఆమె నోటి పక్క తడి తుడిచింది.

"యమున ఆడనే ఉంటది" అన్నది సక్కుబాయి. "నాకు ముంత వద్దని ఒక్కలన్న గట్టిగ నిలవడంగ అది జూడాలె. నేను నిలవడలేకపోతి. నువ్వు సల్ల పెట్టు. ఉప్పులేని రొట్టె పెట్టు."

"పిట్ట ముట్టకుంటే?"

"ముట్టదు. నాకెరుక. గప్పుడే అందరు నీ మీద పడ్తరు. దాని పానం కల్లు మీదున్నది, అందుకే పిట్ట వస్తలేదు, ఒక్క చుక్క పెట్టంటరు. ఏడుస్తరు. తల్లి పేరు దీస్తరు." ఎంకమ్మ మణికట్టు పట్టుకున్నది. కొర్రమట్టలను పట్టిన చెయ్యి అది, ఇప్పుడు అందులో పట్టు లేదు. "పిట్ట రాకున్నా మంచిదే. పొద్దుగూకినా మంచిదే. ముంత పెట్టనియ్యకక్కా. నాతోని ఓడినట్టు వాళ్లతోని ఓడకు."