పూతలపట్టు బావిలో రాతిగుడ్లు

యుద్ధం నడుస్తున్న రోజులు. మాఘమాసంలో ఒక శనివారం ఉదయం ఏడు గంటలకు తిరుపతిలో కాట్పాడి ప్యాసింజరు ఎక్కాను. పూతలపట్టు దగ్గరి పల్లెలో ఉండే మా అక్క మంగమ్మ పది రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదనీ, వెంటనే రమ్మనీ బావ కార్డు రాశాడు. అక్కకు అప్పుడు ఏడో నెల. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు.

పాకాలలో బండి చాలాసేపు ఆగుతుంది. ఆ దారిన వెళ్లేవాళ్లు అక్కడే ఇడ్లీలు తినడం మంచిది. నాకు మాత్రం సహించలేదు. ఎదుట కూర్చున్న నగరి నేతగాడు సంగతి అడిగి తెలుసుకుని, "తమ్ముడు పక్కన కూసుంటే రెండు ముద్దలు తింటాదిలేప్పా" అన్నాడు.

పదకొండుకు పూతలపట్టులో దిగి, గంటసేపు నడిచి పల్లె చేరాను. జరిగింది బావ చెప్పాడు. బావి తవ్వుతుంటే ఐదు నిలువుల లోతున బూడిదరంగు రాయి తగిలింది. దాని నిండా కోడిగుడ్లంత గుండ్రాలు. ఒకటి ఇంటికి తెస్తే, అదేమిటో చూద్దామని అక్క పగలగొట్టింది. లోపల నడిమినుంచి అంచుదాకా వెంట్రుకల్లాంటి గీతలు. మర్నాడే బావిలో ఒక పనివాడు జారిపడి కాలు విరిగింది. అవి నాగుపాము గుడ్లనీ, అక్క లోపలి పాముపిండాన్ని చితగ్గొట్టిందనీ, ఆ పాపం ఊరికే పోదనీ ఊళ్లో మాట పుట్టింది. పనివాళ్లు గడ్డపారలు తీసుకుని వెళ్లిపోయారు.

బంగారు గనుల్లో రాళ్లు పరీక్షించే ఉద్యోగం చేసి, చిత్తూరులో స్థిరపడిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడని మా బడి సైన్సు మాస్టరు ఒకసారి చెప్పాడు. రాయి తీసుకుని వెళ్లి అడిగి వస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు.

"నువ్వొచ్చి సెప్తే నన్ను ఊరడించేదానికే అనుకుంటా. నేనే వస్తా."

ఆదివారం ఎనిమిదికి, పెట్రోలు కరువు గనక బొగ్గుగ్యాసుతో నడిపే బస్సు దొరికింది. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరం దిగి నడిచాం. కండక్టరు అక్కను మాత్రం దిగనివ్వలేదు. చిత్తూరు చేరేసరికి పదిన్నర దాటింది.

పెద్దాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. అక్క మూట విప్పి, బావ బావిలోంచి తీసిచ్చిన రెండు గుండ్రాలు ముందు పెట్టింది. ఆయన ఒకదాన్ని సుత్తితో కొట్టాడు. అక్క కళ్లు మూసుకుంది. ఆయన తొందరపెట్టలేదు. ఆమె కళ్లు తెరిచాక భూతద్దం చేతికిచ్చి, కరిగిన రాయి చల్లారేటప్పుడు ఒక చుక్క దగ్గర మొదలై నలువైపులా సూదుల్లాగా స్ఫటికాలు పెరుగుతాయనీ, అందుకే గుండ్రంగా కనబడతాయనీ నిదానంగా చెప్పాడు. వాటిని స్ఫెరులైట్లంటారట. చిన్న గోళాలని అర్థం.

"దీంట్లో పానం లేదా సామీ?" అని అడిగింది అక్క.

"ఎప్పుడూ లేదమ్మా."

అక్క భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. తరువాత సుత్తి అడిగి తీసుకుని, రెండోదాన్ని తానే పగలగొట్టింది. లోపల అవే గీతలు.

స్టేషను దగ్గరి హోటల్లో భోజనం చేశాం. అక్క సాంబారన్నం రెండోసారి అడిగి వేయించుకుంది. నేను తినడం మాని ఆమెనే చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం మేం పల్లె చేరాక బావ ఆ ముక్కలు తీసుకెళ్లి పనివాళ్లకు చూపించాడు. వాళ్లలో పెద్దవాడు బావ చెప్పిందంతా విని, ఆ రాయి పేరు రెండుసార్లు పలికించుకున్నాడు. నోరు తిరగలేదు.

"పేరుండాదంటే, మనకన్నా ముందే యాడనో ఎవురో సూసినారు గదా" అన్నాడు. సోమవారం పొద్దున్నే పనివాళ్లు నలుగురూ బావిలో దిగారు.

అదేరోజు మధ్యాహ్నం తిరుగుబండికి నన్ను ఎక్కించడానికి అక్క కూడా ఎద్దులబండిలో స్టేషనుకు వచ్చింది. ఒంటిగంట బండి రెండుకు వచ్చింది. అక్క కిటికీ కమ్మీ పట్టుకుని అంది:

"బిడ్డ నిలస్తాదో లేదో దేవునికి తెలుసు తమ్ముడూ. నేను మాత్రం ఏ పాపం సెయ్యలేదు. అది సాలు నాకు."

రైలు కదిలింది. పాకాల ఎప్పుడు దాటిందో నాకు తెలియదు. తిరుపతిలో టిక్కెట్టు కలెక్టరు భుజం తట్టి లేపేదాకా హాయిగా నిద్రపోయాను.