టిక్కు పెట్టని మనిషి

ఆఫీసులో అందరూ అతన్ని ఎర్రచుక్క అనేవారు. గృహవసతి శాఖకు ఆన్‌లైన్ దరఖాస్తులు తయారుచేయడం అతని పని. ప్రతి గడి పక్కనా ఎర్రచుక్క పెట్టి, అది నింపితే తప్ప దరఖాస్తును గడప దాటనిచ్చేవాడు కాదు. ఈయన చేతికిస్తే ఏడవడానికి కూడా ఫారం నింపాలని తోటివాళ్ల ఎగతాళి. అతనికది పొగడ్తలా వినిపించేది.

ఆ ఏడాది శాఖ ఇచ్చే అద్దెగదుల దరఖాస్తు పని అతని మీద పడింది. అందులో ‘జీవిత భాగస్వామి ఉన్నారు’ అని ఒక చిన్న గడి. టిక్కు పెడితే భాగస్వామి వివరాలు అడిగే గడులు తెరుచుకోవాలి, వాటిని నింపి తీరాలి. పెట్టకపోతే గడులూ ఉండకూడదు, నింపాలన్న నిబంధనా ఉండకూడదు. అతను గడులను దాచాడు, నిబంధనను తీయడం మరిచాడు. దాంతో కంటికి కనబడని గడి ఖాళీగా ఉందని దరఖాస్తు మొరాయించేది. కారణం మాత్రం చెప్పేది కాదు. పెళ్లయినవాడు కదా, పరీక్షించిన ప్రతిసారీ చేయి అలవాటుగా టిక్కు మీదికే పోయింది. భార్య పేరు కొట్టాడు, దరఖాస్తు చక్కగా వెళ్లింది.

అతనికి ఒక అక్క ఉంది. పెళ్లి చేసుకోలేదు. ఇస్త్రీ దుకాణంలో నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయిన మనిషి. ఉన్న గది ఖాళీ చేయమని ఇంటావిడ పోరుతోంది. ఒంటరివాళ్లకిచ్చే గదుల్లో ఒకటి దొరికితే గట్టెక్కినట్టే. గడువు చివరిరోజు తమ్ముడికి ఫోన్ చేసింది.

“ఎంత నొక్కినా కదలట్లేదురా.”

“అన్నీ నింపావా? ఎర్రచుక్కలు చూసుకో.”

“చూశానురా. ఏం తప్పో చెప్పట్లేదు.”

“నీకు ఫోన్ వాడటం రాదక్కా. కంగారుపడకుండా మళ్లీ నొక్కు. పనిలో ఉన్నాను.”

ఆమె ఫోన్ పెట్టేసింది.

గడువు ముగిశాక పై అధికారి లెక్క చూసి, ఒంటరివాళ్లు ఒక్కరూ దరఖాస్తు పెట్టలేదని తేల్చి, వాళ్ల గదులు కూడా కుటుంబాలకే ఇచ్చేయమన్నాడు. ఎర్రచుక్కకు అక్క ఫోన్ గుర్తొచ్చింది. కూర్చుని మొదటిసారి టిక్కు తీసేసి చూశాడు. నొక్కాడు, కదల్లేదు. ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చగానే వెళ్లింది. పై అధికారి దగ్గరికి పరుగెత్తాడు.

“అయిపోయినదాన్ని కెలకడం ఎందుకయ్యా, ఉత్తర్వులు వెళ్లిపోయాయి” అన్నాడాయన.

సాయంత్రం అక్క గదికి వెళ్లాడు. ఆమె గిన్నెలు మూటకడుతోంది. తప్పు తనదేనని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆమె మూట ముడి బిగించింది.

“మరిచిపోవడం ఎవరికైనా ఉంటుందిరా, అది కాదు నా బాధ” అంది. “కదలట్లేదని నేను చెబితే, ఒక్కసారి నొక్కి చూడాలని కూడా నీకు అనిపించలేదు.”