నా షుగరుకు చీమల సాక్ష్యం

పాతికేళ్లు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపాను. ఒక్కసారి కూడా లోయలో పడలేదు. మలుపులో కలప లారీ ఎదురొచ్చినా, పొగమంచులో నా బస్సు ముక్కు నాకే కనిపించకపోయినా, చక్రం గీత దాటలేదు. అలాంటివాణ్ని మా నర్సీపట్నంలో, చదునైన చర్చి గచ్చు మీద, ఆదివారం ఆరాధనలో, మైకు పట్టుకుని నిలబడి మరీ అమాంతం పడ్డాను. తోసింది ఎవరనుకున్నారు? చీమలు. అప్పుడే నవ్వకండి, ఇంకా చాలా ఉంది.

ఇది తొంభై ఎనిమిదిలో సంగతి. అప్పటికి నాకు నలభై రెండేళ్లు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే బస్సు నాది. ఘాట్ డ్రైవరంటే ఆ దారి పొడుగునా పెళ్లికొడుకే అనుకోండి. బస్సు ఆగిన ప్రతి హోటలు దగ్గరా డ్రైవరుకూ కండక్టరుకూ టీ, టిఫిను ఊరికే ఇస్తారు. అరవై మంది ప్రయాణికుల్ని తెచ్చి గుమ్మంలో దింపినందుకు అదొక మర్యాద. పైగా డ్రైవరు టీ అంటే మామూలు టీ కాదు, చెంచా నిలబెడితే పడిపోకుండా నిలబడేంత పంచదార. అలాంటివి రోజుకు ఎన్ని తాగేవాణ్నో నాకే తెలియదు.

ఆ ఏడు డ్రైవర్లకు చేసే వైద్య పరీక్షలో డాక్టరుగారు కాగితం చూసి కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"దాహం ఎక్కువగా వేస్తోందా?"

"ఏస్తాదండి. బస్సు రేడియేటరు, నానూ సమానంగా తాగుతాం."

"రెండొందల ఎనభై ఆరు."

"బస్సు నంబరాండి?"

"నీ షుగరయ్యా! పరగడుపున!" అన్నారాయన. "ఈ స్థితిలో నిన్ను ఘాట్ ఎక్కనివ్వను. మాత్రలు వేసుకో, తిండి తగ్గించు, నడువు. నలభై రోజులు కింద పల్లె రూటులో తిరుగు. అప్పటికి అదుపులోకి రాలేదా, స్టీరింగు మర్చిపో. డిపో గేటు దగ్గర కూర్చుని వచ్చే పోయే బస్సుల నంబర్లు రాసుకుందువుగాని."

నా గుండె జారిపోయింది. జబ్బుకు కాదండీ, గేటుకు. నా బస్సును ఇంకొకడు నడుపుతూ గేటు దాటుతుంటే నేను కుర్చీలో కూర్చుని దాని నంబరు రాసుకోవడమా! ఇంటికొచ్చి మా ఆవిడ రూతమ్మ ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. రూతమ్మ బళ్లో టీచరు. నన్ను ఓదార్చలేదు. లేచి వెళ్లి పంచదార డబ్బా పక్కింటివాళ్లకిచ్చి వచ్చింది.

అలా రోలుగుంట రూటులో పడ్డాను. నాతోపాటు నా జంట కండక్టరు అప్పలనాయుడు కూడా కొండ దిగాల్సి వచ్చింది. "షుగరు నీకు, శిచ్చ నాకూనా బావా?" అని రోజుకోసారి దెప్పేవాడు.

ఒక సంత రోజున బస్సుస్టాండులో సోములమ్మ కనిపించింది. కొండమీంచి తేనె, కుంకుడుకాయలు తెచ్చి అమ్ముకునే మనిషి. ఎన్నో ఏళ్లుగా నా బస్సే ఎక్కేది, ఇంజను పక్క సీటు ఆవిడదే. నా మొహం చూసి ఆగింది.

"తమ్ముడూ, మొకం అలగ ఏలాడేసినావేటి?"

"షుగరొచ్చీసిందప్పా. ఒంట్లో సత్తువ లేదు."

"మా తేనట్టుకెల్లు. పొద్దున్నే ఓ సెంచాడు నీల్లలో కలుపుకుంటే సత్తువొస్తాది."

ఆవిడ చెంచాడు అంది, సత్తువకని అంది. నా చెవి షుగరుకు మందని విన్నది. పైగా నా బుర్ర ఊరుకుంటుందా? చెంచాడుకే అంత గుణముంటే గ్లాసుడుకు ఎంత ఉండాలి! పంచదార మిల్లులో మనిషి చేస్తాడు, తేనె దేవుడు చేస్తాడు. దేవుడు చేసిన దాంట్లో షుగరెందుకుంటుంది? సండే స్కూల్లో చిన్నప్పుడు తేనె గురించి విన్నవన్నీ మంచి మాటలే. ఒక్కచోట కూడా జబ్బు ప్రస్తావన రాలేదు. ఇలా వాదించుకుని, నా కేసులో నేనే ప్లీడరుగా నిలబడి, నేనే జడ్జీగా గెలిపించుకున్నాను. పెద్ద సీసా కొని డ్రైవరు సీటు కింద దాచాను. ట్రిప్పుకో గుక్క. ఇంత గొప్ప మందు ఉండగా డాక్టరు మాత్రలెందుకని అవి చొక్కా జేబులోనే ఉంచాను.

అప్పలనాయుడు ఒకరోజు సీసా మూత తీసి వేలితో నాకి చూశాడు.

"ఇది తేనె కాదేటి?"

"మందురా."

"ఎవులు సెప్పేరు?"

"ఎవులో సెప్పడమేటి, నాకు తెల్దా?"

"నీకో దండం బావా" అని సీసా తిరిగి సీటు కింద పెట్టేశాడు.

ఇరవై రోజులు కావొచ్చాయి. వచ్చే సోమవారం మధ్యలో ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. నాకు ఆగడం చేతకాదు. మా నాన్న కాలంలో షుగరుకు ఒకటే పరీక్ష: పోసిన చోట చీమలు పడితే ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. సూదిపోటు లేని పరీక్ష, రిపోర్టు అక్కడికక్కడే. డిపోలో వర్క్‌షాపు వెనక గోడ ఉంది. డ్రైవర్లందరి అవసరాలకూ అదే చోటు. వరసగా మూడు రోజులు అక్కడే పని కానిచ్చి, పక్కన గొంతుకు కూర్చుని, వాచీ చూసుకుంటూ కాపలా కాశాను.

మూడోరోజు అప్పలనాయుడు వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏటి బావా, ఏటైనా పారీసుకున్నావేటి?"

"సీమల్ని సూస్తన్నాను."

"ఉన్నాయేటి?"

"ఒక్కటంటే ఒక్కటి లేదురా! షుగరు పోనాది!"

"బస్సుకి టైమైపోనాది. బేగి రా ముందు" అంటూ నా చొక్కా పట్టి లాక్కెళ్లాడు. ఆ తొందరలో వాడు గోడవైపు చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

మర్నాడే ఆదివారం. మా చర్చిలో పాటలయ్యాక, మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం రివాజు. నా కాళ్లు వాటంతటవే లేచాయి. రూతమ్మ చొక్కా అంచు పట్టుకుంది.

"రేపు రిపోర్టొస్తాది కదండీ. వచ్చేక సెప్పండి."

"రిపోర్టెందుకూ, నాకు తెలిసిపోయింది" అని చొక్కా విడిపించుకుని మైకందుకున్నాను.

అబ్బ, ఏం సాక్ష్యమండీ అది! గేటు దగ్గర కుర్చీ గురించి చెప్పి ఏడిపించాను. తేనె సంగతి మాత్రం చెప్పలేదు, అది నా సొంత పేటెంటు కదా. "ప్రభువు నా షుగరు మొత్తం తీసేశాడు" అన్నాను. చర్చంతా చప్పట్లు, స్తోత్రాలు. మా పాస్టరు అయ్యగారు నెమ్మదిగా అడిగారు:

"డాక్టరుగారు చెప్పారా బాబూ?"

"అంతకన్నా నమ్మకమైన సాక్షులు చెప్పారయ్యగారూ" అన్నాను గుంభనంగా. ఆ ఆనందంలో దారిలో హోటలు దగ్గర ఆగి పాత రోజుల డ్రైవరు టీ రెండు లాగించాను.

సోమవారం రిపోర్టు రూతమ్మే అందుకుని చదివింది.

"మూడొందల పన్నెండు."

"తగ్గిందా?"

"పెరిగింది."

మా ఆవిడ తిట్టలేదు, అదీ నా భయం. ఇంటికొచ్చాక కూర్చోబెట్టి, బళ్లో పిల్లల్ని అడిగినట్టే ఒక్కొక్కటీ అడిగింది. జేబులోంచి మాత్రలు బయటపడ్డాయి. తేనె బయటపడింది. చివరికి చీమలూ బయటపడ్డాయి. అంతలో రూటు చార్టుతో వచ్చిన అప్పలనాయుడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"ఆ రోజు నువ్వు కూకున్న గోడేనా బావా? వర్క్‌షాపెనకదేనా?"

"అదే."

"ఓలమ్మో!" అంటూ గడప మీదే కూలబడి నవ్వాడు. "బస్సుల్లోంచి తీసిన పాత ఆయిలంతా ఆ గోడకాడే పారబోస్తారు! నాను డూటీలో సేరినకాణ్ణుంచీ అక్కడ గడ్డి పరక మొలవనేదు. సీమ కాదు, పాము కూడా ఆ దరికి రాదు!"

నాకూ నవ్వొచ్చింది. కానీ రూతమ్మ కళ్లు నిండి ఉన్నాయి.

"ఘాట్ మీద ఒక్క సెకను కళ్లు తిరిగితే? బస్సులో అరవై మందుంటారండీ. ఆళ్లూ సీమల్నే నమ్ముకోవాలా?"

ఆ మాట సూదిలా దిగింది. ఇరవై రోజులుగా నేను భయపడింది నా కుర్చీ కోసం, నా పరువు కోసం. వెనక సీట్లలో కూర్చునేవాళ్లు నాకు తట్టనే లేదు. ఛీ, డ్రైవరునా నేను?

ఇంకా మిగిలింది పందొమ్మిది రోజులు. మొదటి మాత్ర ఆ పూటే వేసుకున్నాను. ఇక చూడండి, నేను మైకులో చెప్పిన అబద్ధమే నా మీద కాపలా కూర్చుంది. ఊళ్లో సగంమందికి నా సాక్ష్యం తెలుసు. స్వీటు షాపు ముందు నడక కాస్త నెమ్మదిస్తే చాలు, "దేవుడు తీసేసినదాన్ని మల్లీ కొనుక్కుంతావేటి బాబూ?" అనేవాళ్లు. నేను చకచకా ముందుకు సాగేవాణ్ని. బస్సులో అప్పలనాయుడి రాజ్యం. నా చెయ్యి బజ్జీ వైపు వెళితే బస్టాండంతా వినబడేలా "హోల్డాన్!" అని అరిచేవాడు. మజ్జిగ వైపు వెళితే "రైట్, రైట్!" పాపం, ప్రయాణికులు దిగాలో ఎక్కాలో తెలియక తికమకపడేవారు.

సోములమ్మకు సంగతి తెలిసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సెంచాడన్నాను గానీ సీసాడన్నానేటి? సత్తువకన్నాను గానీ షుగరుకన్నానేటి? ఇంక నీకు తేనమ్మను, పో!"

అమ్మలేదు. బదులుగా చోళ్లు, అదే రాగులు, తెచ్చిచ్చింది. రూతమ్మ వాటితో అంబలి కాచి, బెల్లం వేయకుండా, ఉప్పూ మజ్జిగా కలిపి ఇచ్చేది. అన్నం నాలుగు ముద్దలకు దిగింది. రోజూ తెల్లవారగానే ఇద్దరం పక్కూరు బలిఘట్టం దాకా నడిచి వచ్చేవాళ్లం. మొదటిరోజు సగం దారిలో రాయి మీద కూలబడ్డాను. పదోరోజుకు "మెల్లిగా నడవండి" అని ఆవిడే వెనకనుంచి అరిచింది. ఆ అరుపు నాకు చర్చి చప్పట్లకన్నా తియ్యగా వినిపించింది.

నలభయ్యో రోజు. డాక్టరుగారు కాగితం చూశారు. కళ్లజోడు తీయలేదు.

"నూట ఇరవై నాలుగు. భేష్! ఎలా తగ్గించావయ్యా?"

"ఇంట్లో మా ఆవిడండి, బస్సులో కండక్టరండి, మజ్జలో మీ మాత్రండి."

"మాత్ర మానకు, నడక మానకు. ఘాట్ ఎక్కు" అని సంతకం పెట్టారు. గెలిచానండీ! డిపో గేటు దగ్గర ఖాళీ కుర్చీకి ఒక సెల్యూట్ కొట్టి లోపలికెళ్లాను.

ఆదివారం మళ్లీ మైకు పట్టుకున్నాను. ఈసారి రూతమ్మ చొక్కా లాగలేదు, రిపోర్టు చేతికిచ్చింది. మొదటి సాక్ష్యం అబద్ధమని, తేనె సీసా, చీమలతో సహా మొత్తం ఒప్పుకున్నాను. అయ్యగారు నవ్వు ఆపుకుంటూ అడిగారు:

"ఈసారి సాక్షులెవరు బాబూ?"

"లేబొరేటరీ అయ్యగారూ!"

వెనక వరుసలోంచి ఎవరో పెద్దాయన, "మరి సీమలేటన్నాయి?" అన్నాడు. చర్చి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి కడుపుబ్బా నవ్వాను.

మర్నాడు పల్లె బస్సు అప్పగించి నా సామాన్లు తీసుకుందామని సీటు కింద చెయ్యి పెట్టి, కెవ్వుమని వెనక్కి లాక్కున్నాను. అడుగున కాస్త తేనె మిగిలిన, నేను అక్కడే మర్చిపోయిన నా పాత సీసా, రాత్రి మూత ఊడి ఒరిగినట్టుంది. దాని చుట్టూ, గేరు రాడ్డు మీదుగా, పెడళ్ల దాకా బారులు తీరి చీమలు. జిల్లాలో ఉన్నవన్నీ అక్కడే ఉన్నట్టున్నాయి.

అప్పలనాయుడు వంగి చూసి, గంభీరంగా టోపీ తీశాడు.

"బావా, నువ్వు గోడకాడ వాచీ ఎట్టుకుని కాసుక్కూకున్నావు గానీ, సాచ్చులందరూ నీ సీటు కిందే హాజరైనారు."

వాటికి దారిచ్చి, ఘాట్ బస్సెక్కాను. ఇంజను పక్క సీట్లో సోములమ్మ, వెనక అరవై మంది. మొదటి మలుపులో హారన్ కొట్టి, కుడిచెయ్యి స్టీరింగు మీద ఉంచి ఘనంగా ప్రమాణం చేశాను: ఈ ప్రాణం ఉండగా నా షుగరు సంగతి చీమల్ని అడగను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని అడిగినా, ఆయిలు పోసిన గోడ దగ్గర మాత్రం అడగను.