తలంటిన వెంట్రుక

డెబ్బయ్యవ దశకంలో, కంకిపాడులో మా వెనక వరండాయే నా వర్క్‌షాపు. తడికి వెంట్రుక సాగుతుందని ఎక్కడో చదివాను. అది నిజమో కాదో చూడందే నిద్రపట్టేలా లేదు. నా భార్య దువ్వెనలో దొరికిన పొడవాటి వెంట్రుకకు గుండుసూది కట్టి వేలాడదీశాను. గాలిలో తేమ పెరిగితే వెంట్రుక సాగి, సూది కింది రాగిరేకును తాకాలి. గంట మోగాలి.

ముసురు పట్టింది. గోడలు చెమ్మగిల్లాయి. గంట మాత్రం మోగలేదు. గంట మోగించడానికని గవర్నర్‌పేటలో కొని తీగల మధ్య అతికిన ట్రాన్సిస్టర్‌ను తిట్టాను, అమ్మినవాణ్ణీ తిట్టాను. తీగలన్నీ ఊడదీసి మళ్ళీ అతికాను.

నా భార్య వచ్చి వెంట్రుకను నిమిరి, వేళ్ళు వాసన చూసుకుని నవ్వింది.

“కొబ్బరినూనె పట్టిన వెంట్రుకండీ ఇది. బందరు కాలవలో ముంచినా దీనికి తడి అంటదు.”

“మరెలా?”

“ఆదివారం కుంకుడుకాయతో తలంటుకుంటాగా, అప్పుడిస్తాను.”

ఆదివారం ఇచ్చింది. ఆరబెట్టి బిగించాను. కాసేపటికే గంట మోగింది! పెరట్లోకి పరిగెత్తి ఆకాశం చూశాను. మబ్బు తునకైనా లేదు. మండిపడుతూ వెనక్కి వచ్చాను.

నా భార్య తడిజుట్టు విరబోసుకుని, యంత్రం మీదికి వంగి చూస్తోంది.